గాజులు తొడుక్కున్న దీపం

కళ్ళు తెరవొద్దన్నాడు డాక్టరు. వద్దన్న పనే చెయ్యాలనిపిస్తుంది ఎవరికైనా, అందులోనూ రామేశ్వరమ్మకు. కర్నూలు పెద్దాసుపత్రి వరండాలో, గోడవార చెక్కబల్ల మీద, చేతులు ఒళ్ళో ముడుచుకుని, రెండు కళ్ళూ మూసుకుని కూర్చుంది. రెండు కళ్ళని మాటవరసకే అనుకోవాలి. ఎడమది చిన్ననాడు అమ్మవారు పోసినప్పుడే పోయింది, దాన్ని మూసినా తెరిచినా ఒకటే. ఉన్నది కుడిదొక్కటి. ఆ కంట్లో ఇందాక తిమ్మిరి చుక్క పోసి, వెల్లకిలా పడుకోబెట్టి, చిన్న ఇనుప త్రాసులాంటిదేదో నల్లగుడ్డు మీద నిలబెట్టి, వంగి చూసి, "అబ్బా" అన్నాడు ఆ డాక్టరు. కుర్రవాడే, మాట కూడా ఈ పక్కది కాదు. డాక్టరన్నవాడు అబ్బా అనొచ్చునా? వాళ్ళే అబ్బా అంటే పడుకున్న మనిషి ఏమనుకోవాలి? "కన్ను రాయిలా గట్టిపడిపోయిందమ్మా" అన్నాడు మళ్ళీ. రాయి! పుట్టిన్నాటి నుంచి రాళ్ళు వెతికిన కన్ను, ఆఖరికి అదే రాయైందన్నమాట. ఆ బల్ల మీద పడుకునే నవ్వొచ్చింది ఆమెకు. ఆ తర్వాత అతను చెప్పింది విన్నాక నవ్వు గొంతులోనే ఉండిపోయింది.

అతను చెప్పింది ఇదీ. మద్రాసులో చచ్చిపోయిన మనిషి కంటి పొర తీసి నీ కంటికి అతికించారు కదా, ఆ పరాయి పొరను నీ ఒళ్ళు తరిమెయ్యకుండా చుక్కల మందు ఇచ్చారు కదా, ఆ చుక్కలే ఇప్పుడు కన్నును గట్టి చేస్తున్నాయి. లోపలి నీరు బిగిసి వెనకున్న నరాన్ని నొక్కేస్తోంది. అందుకే నీకు పక్కలు కనపడవు, ఎదురుగా ఉన్నదే కనపడుతుంది, కొన్నాళ్ళకు అదీ ఉండదు. లాంతరు చూశావుగా, పొరంటే పైన చిమ్నీ, నరమంటే వత్తి. చుక్కలు మానేస్తే వత్తి మిగలొచ్చు, చిమ్నీ తెల్లగా మసకబారొచ్చు. మానకపోతే చిమ్నీ తళతళలాడుతూనే ఉంటుంది, వత్తి ఆరిపోతుంది. చిమ్నీ పోతే ఎప్పటికైనా ఇంకోటి వెయ్యొచ్చేమో, వత్తి పోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. "మానెయ్యమనే నేనంటాను. కానీ పొర తెల్లబడితే నన్ననకూడదు. కన్ను నీది. పెద్ద డాక్టరుగారిని అడిగి వస్తాను. వచ్చేదాకా కళ్ళు తెరవొద్దు, చుక్క వెయ్యొద్దు. ఈలోగా మీ ఇద్దరూ ఆలోచించుకోండి." తలుపు దగ్గర ఆగి, "ఈ ఏడాదిగా కంటికి కొత్తగా ఏమైనా కనిపించేదా?" అని అడిగాడు. "ఏమీ ల్యాదు సామీ" అంది రామేశ్వరమ్మ. ఆలోచించి ఆడిన అబద్ధం కాదది. దోమ వాలితే చెయ్యి లేచినట్టు నోటికి వచ్చేసింది.

చుక్కల సీసా నడుం దగ్గర కొంగు ముడిలో ఉంది. వేళ్ళతో తడిమి చూసుకుంది. పక్కన ఆమె మొగుడు అయ్యన్న కూర్చోలేక లేస్తున్నాడు, లేచి మళ్ళీ కూర్చుంటున్నాడు, బల్ల ప్రతిసారీ కిర్రుమంటోంది. ఇక్కడ బీడీ తాగితే తిడతారని ఎవరో చెప్పారు, ఆ కోపమంతా బల్ల మీద. వచ్చేటప్పుడు దారి పొడుగునా అదే గోల, రాజధాని హైదరాబాదుకు ఎత్తుకుపోయినారు, డాక్టర్లనైనా ఇడిసిపెట్టినారో లేదో అని. ఆమెకు అదేదీ చెవికెక్కలేదు. డోన్‌లో బస్సు మారేటప్పుడు విన్న మాటే చెవిలో గుయ్యిమంటోంది. ఎవరో తమ పక్కూరు జొన్నగిరి మనిషి, ముఖం కనపడలేదు, పక్కనుండేవాళ్ళు ఆమెకు కనపడరు కదా, గొంతు మాత్రం వినపడింది. "మా పక్క వాన దంచి కొట్టినాదప్పా, వంకలు పారినాయి" అన్నాడు. తొలకరి. అంటే రేపు పొద్దున ఊళ్ళో ఆడవాళ్ళంతా చేలల్లో ఉంటారు. లక్ష్మక్క ఉంటుంది, ఆ పొట్టి కృష్ణవేణమ్మ ఉంటుంది, అందరూ వంగి నడుస్తూ ఉంటారు, బొజ్జన్న చేను గెట్టు దగ్గరికి కూడా పోతారు, గెట్టు రాయి దగ్గరికీ పోతారు. పోనీకుండా ఎట్లా ఆపడం? ఎవరైనా అక్కడ ఆగి, ముల్లు గుచ్చుకున్నట్టు వంగితే? ఈ డాక్టరు ఎప్పుడొస్తాడు, ఏమంటాడు, సాయంత్రం బస్సు దొరుకుతుందా, రేపు తెల్లారేసరికి చేలో కాలు పెట్టగలదా?

వజ్రాలు ఏరడమంటే తెలియనివాళ్ళు నవ్వుతారు. ఎర్రనేల మీద వాన పడాలి, పైమట్టి కడుక్కుపోవాలి, మర్నాడు ఎండ ఏటవాలుగా రావాలి. ఆ ఎండకు ఎదురు నడవాలి, నడుము వంచి, నిదానంగా. "కన్ను నేల మీదుండాల, మనసు యాడన్నా ఉండనీ" అనేది అమ్మ. అమ్మ గురమ్మ కన్ను చూస్తే డేగ కూడా సిగ్గుపడాల్సిందే. ఆ చేలల్లో ఇంకో కట్టడి ఉంది, అది కన్ను కన్నా ముఖ్యం. మెరుపు కనపడితే అరవకూడదు, వేలెత్తి చూపకూడదు. దాని మీద కాలు పెట్టి నిలబడి, ముల్లు తీసుకుంటున్నట్టు వంగి, తీసి బుగ్గన పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు నడవాలి. చూసినదాన్ని ఏరకముందే నోటితో చెప్పేస్తే వజ్రం కూడా ఉట్టి రాయైపోతుంది, ఆ చేలల్లో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పావడా కట్టుకునే వయసులో రామేశ్వరమ్మ ఒకసారి "అమ్మా! ఆడ మెరుస్తాండాది సూడు!" అని గంతేసింది. అమ్మ పరిగెత్తుకొచ్చి తీసింది. పలుగురాయి. చెంప ఛెళ్ళుమంది. "నువ్వు అరసబట్టే ఇట్లయింది, ముండా!" ఆ చెంపదెబ్బ ఇప్పటికీ చెంప మీద ఉన్నట్టే ఉంటుంది. ఆనాటి నుంచి ఆమె కంటికి కనపడింది నోటికి రాలేదు. చేలల్లోనే కాదు, ఇంట్లో కూడా. అయ్యన్న జేబులో మిఠాయి పొట్లం కనపడినా అతను తీసి ఇచ్చేదాకా ఎరగనట్టే ఉండేది, ఆ మురిపెం వేరు.

ఆ కన్ను కాస్తా శెనక్కాయ చెట్టు పీకేటప్పుడు పుల్ల పొడుచుకుని పోయింది. ఎర్రబడింది, చీము పట్టింది, చివరికి తెల్లగా పువ్వు పడింది. రెండో కన్ను ఎటూ లేదు. లోకమంతా మజ్జిగలో ముంచినట్టయింది. అయ్యన్న అప్పట్లో ఏడ్చాడు, ఆమెకు కనపడదు కాబట్టి తెలియలేదనుకుంటాడు పిచ్చోడు. గుంతకల్లులో రైలెక్కి మద్రాసు పోయారు. ధర్మ వార్డులో ఎన్నాళ్ళో పడి ఉన్నాక, ఒక పొద్దు హడావిడిగా వచ్చి ఆపరేషనుకు తీసుకుపోయారు. ఆ వార్డులో తెలుగు మాట్లాడే ఆయా ఒకామె, విశ్వాసమ్మ, నెల్లూరు పక్కది, చెవిలో చెప్పింది, "ఎవరిదో చెప్పకూడదమ్మాయ్. నీ ఈడుదే. పూలు కట్టి అమ్ముకునేది." అంతే చెప్పింది. అప్పట్నుంచీ ఆ పొర మనిషి రామేశ్వరమ్మకు పూలక్క. పట్టీ విప్పిన రోజు విశ్వాసమ్మ నల్లటి ముఖంలో పళ్ళు కనిపించాయి, గోడ మీద బల్లి కనిపించింది, బల్లిని చూసి అంత ఏడ్చిన మనిషి మద్రాసులో ఇంకొకరు ఉండరు. "కొత్త కోడల్ని ఇంట్లోకి తెచ్చాం, నీ ఒళ్ళు అత్తగారు, తరిమేస్తుంది, ఈ చుక్కలు కాపలా" అని డాక్టరు మాటను విశ్వాసమ్మ తెలుగు చేసి చెప్పింది. కొన్నాళ్ళకొకసారి వచ్చి చూపించుకోమన్నారు. ఒకసారి పోయింది. ఆ తర్వాత పోలేదు. ఖాళీ సీసా చూపిస్తే పత్తికొండ మందుల అంగట్లో కొత్త సీసా ఇస్తున్నారాయె. ఎందుకు పోలేదో అయ్యన్నకు చెప్పిన కారణం వేరు. అసలు కారణం గాజులు.

పోయిన వానకారులో మొదలయ్యాయి. సందవేళ బుడ్డి ముట్టించి గూట్లో పెట్టింది, దీపం గాజులు తొడుక్కుని ఉంది. ఎర్రగాజు, పసుపుగాజు, పచ్చగాజు, లోపల నీలం, ఒకదాంట్లో ఒకటి, అబ్బ! అట్లా నిలబడిపోయింది. మర్నాడు చేలో నీటిబొట్టు మీద కనపడ్డాయి, గులకరాళ్ళ మీద కనపడ్డాయి. పూలక్క కన్ను మామూలు కన్ను కాదు, రంగులు ఎరిగిన కన్ను, రాయి లోపలుండే వెలుతురును బయటికి లాగి చూపిస్తోంది, అనుకుంది. ఎవరికైనా చెబుతుందా? చెంపదెబ్బ గుర్తుందే! మద్రాసు పోతే డాక్టర్లు ఏం చేస్తారో, చుక్కలు మార్చేస్తారేమో, గాజులు పోతాయేమో. పోలేదు. పూట తప్పకుండా చుక్క వేసుకుంది, ఒక్కోసారి ఎక్కువే వేసుకుంది. ఆ కారులోనే ఒక సాయంత్రం, బొజ్జన్న చేను గెట్టు రాయి మొదట్లో, చిక్కుడు గింజంత రాయి ఒకటి గాజుల మలారమే వేసుకుని కూర్చుంది. కాలు పెట్టింది. వంగబోయింది. అప్పుడే బొజ్జన్న కర్ర పట్టుకుని, "మొలకలు తొక్కుతాండారు, పోండిమే!" అని అందరినీ తరుముకుంటూ వచ్చాడు. మడమతో మట్టిలోకి తొక్కి పరుగెత్తింది. చేను పెరిగింది, కోత అయింది, నేల గట్టిపడింది, ఎంత గీరినా దొరకలేదు. వాన కడిగితే పైకి వస్తుంది. ఏడాదంతా ఆ వాన కోసమే ఆమె బతికింది. ఈలోగా గడపలు తగలడం మొదలైంది, దూడ పలుపు కాళ్ళకు చుట్టుకోవడం మొదలైంది, మొన్న సంగటి ముద్ద తట్టలో కాకుండా తట్ట పక్కన నేల మీద పెట్టింది. అది చూసే అయ్యన్న ఇక్కడికి లాక్కొచ్చాడు.

"మందు యాళ దాటిపోతాండాది" అన్నాడు అయ్యన్న, బల్ల కిర్రుమనిపించి. "ఏసుకో."

"వొద్దన్యాడు గదా."

"వానికేమి! తెల్లబడితే నన్ననొద్దంటాండాడు, ఇదేం మాట? ఇప్పుడు నా మొగమన్నా అగుపడతాండాది గదా నీకు. మానితే రేప్పొద్దున లేసి నువ్వు తడుముకుంటాంటే నేను సూడాల. నావల్ల గాదు. మద్రాసోళ్ళు పెద్దోళ్ళు, వాళ్ళిచ్చిన మందిది. ఏసుకో, నేను జవాబు చెప్పుకుంటా."

అతను చెప్పింది మనసులోని మాటే. ఆమె మనసులో ఉన్నది వేరు, కానీ ఇద్దరికీ కావలసింది అదే సీసా. ఒక్క చుక్క. ఒక్క చుక్కకు ఏం మునిగిపోతుంది? రేపు ఒక్క పొద్దు చిమ్నీ తేటగా ఉంటే చాలు, పక్కలు కనపడకపోయినా ఫరవాలేదు, గెట్టు రాయి ఎక్కడుందో కాళ్ళకే తెలుసు. ఆ తర్వాత మానేస్తుంది, దేవుడి తోడు మానేస్తుంది, ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుని మరీ మానేస్తుంది. కొంగు ముడి విప్పింది. సీసా చేతికి వెచ్చగా తగిలింది. బిరడా మీద వేలు పెట్టింది. డాక్టరు చెప్పుల చప్పుడు వస్తుందేమోనని చెవి అటు పెట్టింది.

"మీయమ్మికి ఏమైనాదప్పా?" అని బల్ల చివర నుంచి ఒక ముసలి గొంతు. ఇందాకటి నుంచి దగ్గుతూ కూర్చున్న మనిషే అయి ఉండాలి. తనది ఓర్వకల్లనీ, పేరు సోమన్ననీ అడగకుండానే చెప్పాడు. "కన్ను గట్టిపడిందన్యారు" అన్నాడు అయ్యన్న, ముక్తసరిగా.

"నాకూ అదే! నాది ముసలితనాన వచ్చిందిలే. మొదట్లో ఎంత సక్కగుండె అనుకున్నావు! సందకాడ దీపం ముట్టిస్తే సుట్టూరా ఎర్రగా, పచ్చగా, గుండ్రాలు గుండ్రాలు! పండగే! మా కోడలికి చెప్తే, మామకు ఈ వయసులో రంగులు అగుపడతాండాయని నవ్వింది. ఈ డాక్టరు ఇనంగానే తల కొట్టుకున్యాడు. ఆ రంగులే రోగమంట. కన్ను లోపల బిగుసుకుంటే బయట రంగులు పడతాయంట. అప్పుడే వచ్చి చెప్పింటే ఒక కన్నన్నా నిలిచేదంట."

రామేశ్వరమ్మ వేలు బిరడా మీదే ఆగిపోయింది. "తాతా" అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. "రాళ్ళ మీద గూడా పడతాయా?"

"రాళ్ళేంది తల్లీ, మెరిసేదాని మీదల్లా పడతాయి. నీళ్ళ చెంబు మీద గూడా పడతాయి."

నీళ్ళ చెంబు మీద పడేవి. పడేవి, పడేవి! చూసింది, చూసి కూడా, ఎండకు ఇత్తడి మెరిసిందిలే అనుకుంది. ఎద్దు కొమ్ములకు తొడిగిన కుప్పెల మీద పడేవి. లక్ష్మక్క ముక్కుపుడక మీద పడితే, అబ్బో, ఇది మంచి రాయే పెట్టుకుందని కుళ్ళుకుంది కూడా. అంటే పూలక్క చూపించింది కాదు. పూలక్క పాపం తన పొరను అద్దంలా నిలబెట్టుకునే ఉంది, దాని వెనకాల వత్తి ఆరిపోతూ ఆ రంగులు చిమ్మింది. తను ఏడాదిపాటు కళ్ళకద్దుకుంది రోగాన్ని. చుక్క ఎక్కువేస్తే గాజులు వెడల్పయ్యేవి, ఎంత సంబరపడింది! మద్రాసు పోతే మొదటి నెలలోనే పట్టుకునేవాళ్ళు. నోరు తెరిచి ఒక్క మాట, దీపం చుట్టూ రంగులు కనపడుతున్నాయి అన్న మాట, మొగుడితో అన్నా చాలు, వాడు ఆ రోజే రైలెక్కించేవాడు. అమ్మా, ఏం చెంపదెబ్బ కొట్టావే తల్లీ! ఒళ్ళంతా చల్లబడింది. అయినా మనసు చూడండి ఎంత దొంగదో, ఆ చలిలోనే మెల్లగా తల ఎత్తి, ఏమో, అన్నింటి మీదా రంగులు పడితే పడ్డాయి, ఆ గెట్టు రాయి దగ్గరిది మాత్రం నిజంగా వజ్రమేనేమో, అంది. కాదని ఎవరు చెప్పొచ్చారు? రేపు ఒక్క పొద్దు చూసి వస్తే తేలిపోతుంది కదా. ఒక్క చుక్క. వేలి కింద బిరడా కదిలింది.

దూరంగా చెప్పుల చప్పుడు. సిమెంటు నేల మీద టకటకమని, తొందర తొందరగా. వస్తున్నాడు. ఆ రాయి మనసులో ఉన్నంతకాలం ఈ చెయ్యి సీసా వదలదని ఆమెకు తెలిసిపోయింది. ఇవాళ కాదు, రేపు, రేపు కాదు, మరో వాన. వత్తి ఆరిపోయేదాకా ఇదే తంతు. ఆ రాయిని చంపే మార్గం ఒక్కటే ఉంది, అది చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఇంటుండావా" అంది అయ్యన్నతో, వరండా అంతా వినపడేట్టు. "బొజ్జన్న చేను. తూరుపు గెట్టు. గెట్టు రాయి మొదట్లో, నా మడమ దిగినంత లోతున. సిక్కుడు గింజంత ఉండాది. పోయిన కారులో సూసినా. సుట్టూ రంగులుండె. యాడ సూసినా రంగులే ఉండె నాకు, దీపానికీ, సెంబుకూ, అన్నిటికీ. ఏడాదిగా ఉండాయి. నీకు చెప్పలే."

బల్ల కిర్రుమనలేదు. అయ్యన్న కదలడం లేదు.

"నాకన్నా చెప్పలేదే" అన్నాడు. కోపం కాదది. కోపమైతే బాగుండేది.

"చెప్పగూడదు గదా."

"రేపు నేను పోయి సూడాల్నా?"

"ఏంటికి? నోరు తెరిసి చెప్పేస్తిని. ఇప్పుడది ఉట్టి రాయే." అనగానే ఏడుపు తన్నుకొచ్చింది. మూసిన రెండు కళ్ళలోంచీ, పోయిన కంట్లోంచి కూడా, నీళ్ళు కారాయి. అయ్యన్న చెయ్యి వచ్చి ఆమె మోచేతిని పట్టుకుంది, గట్టిగా, నొప్పి పుట్టేట్టు. "రాయైతే రాయే కానీలే, లెయ్యి" అన్నాడు. "రామేశ్వరమ్మా!" అని లోపలి నుంచి పిలుపు వినిపించింది.

చీకటి గది. స్పిరిటు వాసన. గడ్డం ఒక చెక్క మీద పెట్టించి, "పెద్ద డాక్టరుగారూ మానెయ్యమనే అన్నారమ్మా. ఇప్పుడు తెరువు" అన్నాడు డాక్టరు. తెరిచింది. ఎదురుగా చిన్న దీపం ఒక్కటే, దాని చుట్టూ గాజులు, ఎప్పటికన్నా వెడల్పుగా, ఎప్పటికన్నా నిండుగా. అక్కా, చూస్తున్నావా, అనుకుంది. రేపు నా ఒళ్ళు నిన్ను తరిమేస్తుందేమో, తప్పు నీది కాదు.

"సామీ, ఇందాక అడిగినావు గదా. చెప్తాండా, ఇను. బయట ఎరుపుండాది. దాని లోపల నిమ్మపండు పసుపు. దాని లోపల పచ్చ, లేత చిలక పచ్చ. దీపం కాడికొచ్చేసరికి నీలం. పోయిన వానకారు కాణ్ణుంచి సూస్తాండా. శానా బాగుంటాది సామీ."

ఆమె సీసాను పక్కకు చాపింది. ఆ పక్కన ఎవరున్నారో ఆమెకు కనపడదు. ఎవరిదో చెయ్యి వచ్చి సీసా తీసుకుంది. వేళ్ళకు బీడీ కంపు ఉంది.

"ఇవి పోతేనే కన్ను నిలుస్తాదంటే పోనీ" అంది. "కానీ ఆ దీపం అప్పుడే తియ్యొద్దు సామీ. ఒక్కరవ్వ సూసుకోనియ్యి."

డాక్టరు దీపం తియ్యలేదు.